రసీదు లేకుండా బూట్లు అప్పగిస్తే కేసు అక్కడే ముగుస్తుంది

‘హంటింగ్ బూట్లు’ అనే పేరుతో దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్న ఎత్తు బూట్లపై వివాదాలు ఇటీవల న్యాయవాదుల వద్దకు వరుసగా వస్తున్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షన్ రక్షిత వన్యప్రాణుల వేటను నిషేధించింది కనుక, పేరు ఏదైనా, తెలుగు రాష్ట్రాల్లో వీటిని కొంటున్నవారిలో ఎక్కువమంది అడవి పందుల బెడదకు రాత్రిళ్లు చేను కాపలా కాసే రైతులు, అటవీ బీట్లలో తిరిగే సిబ్బంది, నల్లమల వంటి చోట్ల కొండలెక్కే యువకులు. వీరందరికీ అమ్మకందారు ఇచ్చే ప్రధాన హామీలు మూడు: సౌకర్యం, తేలికదనం, మన్నిక. ఈ మూడింటినీ చట్టం ఒకే కంటితో చూడదని కొనుగోలుదారు ముందుగా గ్రహించాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ‘లోపం’ అంటే చట్టం గానీ, ఒప్పందం గానీ, అమ్మకందారు స్వయంగా చెప్పుకున్న మాట గానీ కోరే నాణ్యతా ప్రమాణాల్లో వస్తువుకు ఉన్న కొరత. బూటు పాదానికి ఇరుకైనంత మాత్రాన అది సాధారణంగా లోపం కిందకు రాదు కాబట్టి, సౌకర్యం విషయంలో జాగ్రత్తంతా కొనే ముందే పడాలి. పాదాలు కొంత ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, అడవిలో వేసుకునే మందపాటి మేజోళ్లతోనే బూట్లు తొడిగి, నిలబడినప్పుడు వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందో లేదో, నడిచేటప్పుడు మడమ పైకి లేస్తున్నదో లేదో, వాలులో దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగులుతున్నాయో లేదో చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొన్నవారు వాపసు గడువు తీరేవరకు ఇంట్లోనే నడిచి చూడాలి. సోలుకు మట్టి అంటిన తర్వాత సైజు మార్పు అడిగితే అమ్మకందారు ఒప్పుకోవడం అరుదు.

తేలికదనం కొలతకు అందే గుణం కనుక ఇక్కడ కొనుగోలుదారు బలం ఎక్కువ. ప్రకటనలో చెప్పిన బరువు జతకా ఒక్క బూటుకా, ఏ సైజుకు అన్నది చూసి, ఆ పేజీని బొమ్మగా భద్రపరిస్తే, తక్కెడ చూపే తేడా సాక్ష్యమవుతుంది. ప్రకటనలోని ఇతర మాటల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: నీరు లోపలికి రాదనే ‘వాటర్‌ప్రూఫ్’ హామీ, కొంతసేపు మాత్రమే తట్టుకునే ‘వాటర్ రెసిస్టెంట్’ హామీ ఒకటి కావు. దుకాణదారు నోటితో మొదటిది చెప్పి డబ్బాపై రెండోది ముద్రించి ఉంటే, ఆ నోటిమాటను బిల్లుపై రాయించుకోవాలి.

వివాదాల్లో అధిక భాగం మన్నిక చుట్టూనే తిరుగుతున్నాయి. బరువు తగ్గించి అడుగుకు మెత్తదనం ఇవ్వడానికి చాలా బూట్ల నడి సోలులో పాలీయురెథేన్ అనే నురుగు పదార్థాన్ని వాడతారు. గాలిలోని తేమ ఈ పదార్థాన్ని లోలోపల విడగొడుతుంది. దీన్ని జలవిశ్లేషణ అంటారు. వేడి, ఉక్క ఉన్న చోట ఇది త్వరగా జరుగుతుంది కనుక, ఏళ్ల తరబడి గిడ్డంగిలో ఉన్న జత తొడగకుండానే బలహీనపడి, మొదటి వర్షాకాలంలోనే పొడిపొడిగా రాలిపోవచ్చు. అందుకే తయారీ నెల, సంవత్సరం చూడకుండా ఏ జతా కొనకూడదు. ప్యాకేజీపై ఆ వివరాలు, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయాల్సిన చిరునామా ఉండాలని తూనికలు కొలతలకు సంబంధించిన 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నా, పాత తేదీపై కొత్త స్టిక్కర్ అంటించిన డబ్బాలు బహిరంగంగా అమ్ముడవుతుంటే తూనికలు కొలతల శాఖ తనిఖీకి కదలకపోవడం క్షమించదగినది కాదు.

ఇంతకంటే పెద్ద ఉచ్చు సోలు ఊడిన తర్వాత ఎదురవుతుంది. ఇటీవలి ఒక వివాదంలో, చేను కాపలాకు కొన్న బూట్ల సోలు రెండో నెలలోనే విడిపోగా, ‘కంపెనీకి పంపుతాం, ఇచ్చి వెళ్లండి’ అన్న దుకాణదారు మాట నమ్మిన రైతు ఏ కాగితమూ తీసుకోకుండా వాటిని అప్పగించారు. నెలలు గడిచాక ఆ దుకాణం తనకు బూట్లే అందలేదన్నది. రైతు చేతిలో మిగిలింది అక్షరాలు చెరిగిపోయిన థర్మల్ కాగితం బిల్లు ఒక్కటే. లోపం పరీక్షతో తప్ప తేలనిదైతే జిల్లా వినియోగదారుల కమిషన్ 2019 చట్టంలోని 38వ సెక్షన్ కింద నమూనాను సీలు చేసి ప్రయోగశాలకు పంపుతుంది. వస్తువే లేనప్పుడు పంపేది ఏమిటి? కాబట్టి అందినట్టు రాతపూర్వక రసీదు లేకుండా బూట్లు అప్పగించకూడదు. తేదీ, మోడల్, లోపం వివరం, ముద్ర, సంతకం ఉన్న రసీదు ఇవ్వని దుకాణంలో బూట్లు వదలకూడదు. ఫొటోలు తీసి, బూట్లు తన వద్దే ఉన్నాయని తెలుపుతూ దుకాణదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. ఫిర్యాదుకు ముందే సోలును అంటించుకోవడం, కుట్టించుకోవడం కూడా సాక్ష్యాన్ని చేతులారా చెరుపుకోవడమే. ఎన్నిసార్లు హెచ్చరించినా కక్షిదారులు బిల్లును, డబ్బాను చెత్తలో వేసి, బూట్లను ఊరికే ఇచ్చేసి, ఆ తర్వాత న్యాయవాది వద్దకు రావడం మానడం లేదు.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే ముద్రకు భయపడనక్కరలేదు. లోపమున్న వస్తువును బిల్లులోని గడువులోగా, గడువు లేకుంటే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి మాత్రమే కొన్నవారూ ఈ చట్టం దృష్టిలో వినియోగదారులే కనుక, ‘ఇది వ్యాపారపు కొనుగోలు’ అనే అభ్యంతరం సొంత చేను కాచుకునే రైతు ముందు నిలవదు. దుకాణం ఏ ఊళ్లో ఉన్నా, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలే గడువు. అంతకుముందే 1915 అనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేయవచ్చు గానీ, ఆ పిలుపు వల్ల కాలపరిమితి ఆగదు.

కమిషన్ డబ్బు వాపసు, వస్తువు మార్పిడి, నష్టపరిహారం ఆదేశించగలదు; అయితే ఆ అధికారమంతా దాని ముందుకు వచ్చిన సాక్ష్యంపైనే ఆధారపడి ఉంటుంది. బిల్లును కొన్న రోజే ఫొటో తీసి ఉంచాలి, డబ్బాను గడువు తీరేవరకు దాచాలి, లోపమున్న బూట్లను సంతకం ఉన్న రసీదు చేతికి వచ్చేవరకు ఎవరికీ ఇవ్వకూడదు.