మన్యపు లోయలలో చలికాలము – రైతులు ముందుగా గమనింపవలసిన విషయములు

అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతముల రైతు సోదరులకు చలి క్రొత్త కాదు. అయినను ఒకటి రెండు రాత్రుల చలికే నారుమళ్లు పసుపుబారుట, లేత పైరులు కమిలిపోవుట తరచు చూచుచున్నాము. ఒకే గ్రామమున ఒకరి చేను చెడి, మరియొకరి చేను నిలుచుటకు కారణమేమి? ఈ సంగతి తెలిసికొన్నచో నష్టమును చాలవరకు తప్పించుకొనవచ్చును.

చలి పల్లమునకు దిగును

మన లోయలు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున కలవు. 1000 మీటర్లు పైకి పోయినచో వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గును. జనవరి తెల్లవారుజామున విశాఖపట్టణమున 17, 18 డిగ్రీలున్నప్పుడు, ఈ లెక్కన మనకు 12 డిగ్రీలుండవలెను. కాని కొన్ని రాత్రులు లంబసింగి, చింతపల్లి ప్రాంతములలో 5 డిగ్రీలకు లోపున నమోదగుట మీరెరుగుదురు. ఈ హెచ్చు చలికి రెండు కారణములు. ఒకటి, ఉత్తరపు పొడిగాలి. రెండు, మన లోయల ఆకృతి.

పగలు నేల గ్రహించిన వేడి రాత్రి ఆకాశములోనికి పోవును. మబ్బున్నచో అది దుప్పటివలె వేడిని కొంత నిలుపును. ఆకాశము తేటగానుండి గాలి స్తంభించినచో నేల త్వరగా చల్లబడును. దాని నంటియున్న గాలియు చల్లబడి బరువెక్కి, నీటివలె వాలు వెంట జారి గెడ్డ పల్లములలో నిలుచును. కనుక పల్లపు మడికంటె కొండవాలు చేనున రాత్రి వెచ్చగానుండును.

నేను ఈ ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినప్పుడు నీటి వసతి మాత్రమే చూచి, ఒక రైతును గెడ్డ ప్రక్కన టమాటా నారు పోయుమంటిని. డిసెంబరు చివర రెండు రాత్రుల చలికి నారంతయు నల్లబడెను. వాలు మీద నారు పోసిన ఒక వృద్ధుడు, "చలి గెడ్డలోనే పడుకుంటాది బాబూ, అక్కడ నారు పోస్తారా?" అనెను. నేను చదివిన పాఠమే అది. పొలములో దానిని మరచితిని. నష్టము మాత్రము ఆ రైతుదయ్యెను.

ఈ కాలమున రెండు ప్రమాదములు

అక్టోబరు నుండి డిసెంబరు మొదటి వారముల వరకు తుపానుల భయము కలదు. 2014 అక్టోబరు 12న తీరము దాటిన హుద్‌హుద్ తుపాను మన కాఫీ తోటలలో నీడచెట్లను కూల్చినది. కోసిన వరిని పనలమీద వదలక, హెచ్చరిక వచ్చినంతనే మెరకన కుప్పవేసి కప్పవలెను. డిసెంబరు నడుమ నుండి జనవరి చివరి వరకు చలి ముఖ్యము. వానలు వెలసి, ఆకాశము తేటపడి, ఉత్తరపు గాలి వీచినచో చలి రాత్రులు రానున్నవని గ్రహింపుడు.

చేయవలసిన పనులు

1. కూరగాయల నారును వాలు మీద పోయుడు. సాయంత్రము గడ్డితో గాని పాలిథీన్ పట్టాతో గాని కప్పి, ఎండ రాగానే తీయుడు.

2. రబీ వరి నారుమడిలో సాయంత్రము నీరు నిలిపి, ఉదయము ఆ చల్లని నీటిని తీసివేసి క్రొత్త నీరు పెట్టుడు.

3. రాజ్మా చలికి ఓర్వదు. ఆలస్యముగా వేసిన చేనికి, చలి హెచ్చగునని తోచిన నాటి సాయంత్రము తేలికపాటి తడి యిండు. తడినేల పొడినేలకంటె హెచ్చు వేడిని నిలువచేసికొనును.

4. మంచు, తేమ విడువక యున్నప్పుడు బంగాళాదుంప, టమాటాలకు ఆకుమాడు తెగులు సోకును. లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి, తెగులు ముదరక మునుపే చల్లుడు.

5. కళ్లములో ఎండు కాఫీ గింజలను సాయంత్రము కుప్పచేసి టార్పాలినుతో కప్పుడు. మంచు తడి తగిలినచో బూజుపట్టి ధర పడిపోవును.

6. లేగదూడలుండు పాకలకు ఉత్తరపు వైపున గోనెపట్టాలు కట్టుడు.

గ్రామోద్యోగులకు మనవి

వాతావరణ శాఖవారు డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు గల కాలమునకు ముందస్తు అంచనా ప్రకటింతురు. అది కాలమంతటి సగటును తెల్పునే గాని ఏ రాత్రి చలి వచ్చునో చెప్పదు. అందుకు మంగళ, శుక్రవారములలో వెలువడు వ్యవసాయ వాతావరణ సలహాను చూడవలెను. దానిని పంచాయతీ కార్యాలయమున వ్రాసి పెట్టి, సంతలో చాటింపుడు. ప్రకటించిన అంకె నేలకు నాలుగడుగులపైన కొలిచినది. తేట రాత్రులలో పైరు మట్టమున చలి ఇంకను హెచ్చుగా నుండును. కావున 5 డిగ్రీలనగానే పల్లపు రైతులను హెచ్చరింపుడు.

రైతు సోదరులారా! ఈ రాత్రియే మీ పొలములో చలి ఎక్కడ నిలుచునో చూడుడు. తెల్లవారుజామున మంచు మొదట పట్టి, చివరకు విడుచు చోటే అది. ఆ స్థలమున లేత పైరును ఉంచకుడు.