చేయూతా? వలా?
(మతప్రచారంలో నీతి – ఒక పరిశీలన)



హాస్టల్ గదుల్లో మతం గురించి మాట వస్తే రెండే జరుగుతాయి. ఒకటి వాదులాట, రెండోది మౌనం. ఈ రెండూ కాకుండా ఒక ప్రశ్నను నిదానంగా పరిశీలించాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాము. ఏ మతం గొప్పది అన్నది మా ప్రశ్న కాదు. కష్టంలో ఉన్న మనిషిని తమ వైపు పిలిచేవారు ఏ హద్దులు పాటించాలి అన్నదే మా ప్రశ్న. ఇది అన్ని మతాలకూ, బాబాలకూ, ఆశ్రమాలకూ, తిరిగి రమ్మని పిలిచేవారికీ వర్తిస్తుంది.

బలహీనత అంటే ఏమిటి?

బలహీనత అంటే తెలివితక్కువతనం కాదు. అది మనిషికి వచ్చే ఒక సమయం. అమ్మానాన్నలను వదిలి కొత్తగా హాస్టల్లో చేరిన పిల్లవాడు, పరీక్ష తప్పిన విద్యార్థి, ఆసుపత్రి మంచం మీది రోగి, అప్పులపాలైన కుటుంబం – వీరందరికీ ఆ సమయంలో ఒక మంచిమాట చాలు. ఆ మంచిమాట చెప్పడం సేవ. ఆ మాటకు బదులుగా విశ్వాసాన్ని అడగడం బేరం.

చట్టం ఏమంటోంది?

మన రాజ్యాంగంలోని 25వ అధికరణ ప్రతి వ్యక్తికీ అంతరాత్మ స్వేచ్ఛనూ, తన మతాన్ని ఆచరించి ప్రచారం చేసుకునే స్వేచ్ఛనూ ఇచ్చింది. అయితే ప్రచారం చేసే హక్కు అంటే ఎదుటివారిని మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 28వ అధికరణ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే విద్యాసంస్థల్లో ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధకు గానీ, ప్రార్థనకు గానీ హాజరు కమ్మనకూడదు. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి కావాలి.

ఇంకొక సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. ఇతర మతాల్లోకి మారినవారికి ఆ హోదా ఉండదు. ఈ నియమం న్యాయమా కాదా అన్న చర్చ వేరు. కానీ దీన్ని దాచిపెట్టి పిలిచేవారు నిజాయితీగా పిలిచినట్టు కాదు.

ఒక హెచ్చరిక

అమెరికాలో జిమ్ జోన్స్ అనే వ్యక్తి 1950లలో పీపుల్స్ టెంపుల్ అనే సంఘాన్ని స్థాపించాడు. నల్లవారినీ తెల్లవారినీ ఒకే చోట కూర్చోబెట్టాడు. పేదలకు అన్నం పెట్టాడు, వృద్ధులకు ఆశ్రయం ఇచ్చాడు. వివక్షతో విసిగినవారు నమ్మకంతో చేరారు. క్రమంగా ఆస్తులూ పింఛన్లూ సంఘానికి అప్పగించారు. తరువాత గయానా దేశంలోని అడవికి తరలివెళ్లారు. అక్కడి నుంచి బయటపడే దారి మూసుకుపోయింది. 1978 నవంబరు 18న అక్కడ 900 మందికి పైగా మరణించారు. వారిలో సుమారు మూడోవంతు పిల్లలే. వారు చేరింది సమానత్వం కోసం, చావు కోసం కాదు. అన్నం పెట్టడంలో తప్పు లేదు. ప్రశ్నించే హక్కునూ, వెళ్లిపోయే దారినీ లాగేసుకోవడంలోనే తప్పంతా ఉంది.

మంచి ఉదాహరణలు

పాళీ గ్రంథాల్లో ఉపాలి అనే గృహస్థుని కథ ఉంది. అతడు జైనుల అనుయాయి. బుద్ధునితో వాదించడానికి వచ్చి, ఆయన శిష్యుణ్ణి అవుతానన్నాడు. బుద్ధుడు సంబరపడలేదు. బాగా విచారించి నిర్ణయించుకో అన్నాడు. ఇంతకాలం జైన సన్యాసులకు ఇచ్చిన భిక్ష ఇకముందూ మానవద్దన్నాడు.

డా. అంబేద్కర్ 1935లో యేవలాలో హిందువుగా చనిపోనని ప్రకటించారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. మధ్యలో 21 ఏళ్లు గడిచాయి. చదివారు, చర్చించారు, పోల్చి చూశారు, బహిరంగంగా నిర్ణయం తీసుకున్నారు. మతం మారడం మన హక్కు, మారకపోవడమూ మన హక్కే. ఏ నిర్ణయమైనా ఇలా తెలిసి తీసుకున్నదై ఉండాలి.

మనం అడగవలసిన ప్రశ్నలు

1. మేము చేరకపోయినా ఈ సాయం అందుతుందా?
2. మీరు ఎవరో, ఏ సంఘమో మొదటి రోజే చెప్పారా?
3. ఇంట్లో చెప్పవద్దు, స్నేహితులను వదిలెయ్యి అంటున్నారా?
4. ఆలోచించుకోవడానికి గడువు ఇస్తున్నారా?
5. మందులు మానమనీ, చదువు ఆపమనీ అంటున్నారా?
6. నచ్చకపోతే మర్యాదగా వెళ్లిపోవచ్చునా?

వీటికి నేరుగా జవాబు చెప్పేవారు ఏ మతంవారైనా గౌరవించదగినవారే. ప్రశ్న వినగానే కోపం తెచ్చుకునేవారికి దూరంగా ఉండటం మంచిది.

చివరగా సీనియర్లకూ, పూర్వ విద్యార్థులకూ మా మనవి. కొత్తగా చేరిన తమ్ముడు జ్వరంతో పడుకుంటే ముందు మనమే పలకరించాలి. ఫీజు కట్టలేని చెల్లెలికి ముందు మనమే దారి చూపాలి. ఏ షరతూ లేని తోడు ముందే దొరికిన పిల్లలు షరతులు పెట్టే తోడు కోసం వెతుక్కోరు.