మంచు కొండకు మూట కడదాం!

2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణ, మనలాగే ఎండలు మండే నిజామాబాదు జిల్లా బాలిక. రేపు ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచుపై స్కీయింగ్ నేర్చుకునే అవకాశం కర్నూలు, కడప పిల్లలైన మీకూ రావచ్చు. అప్పుడు ఏమేమి సర్దుకోవాలి?

మన గొర్రెల కాపరి కంబళిని గమనించండి. అది పొయ్యిలా వేడిని పుట్టించదు. ఉన్ని పోగుల మధ్య చిక్కిన గాలి అధమ ఉష్ణవాహకం. అది శరీరపు వేడిని బయటకు పోనివ్వదు. కనుక ఒకే దళసరి కోటు కంటే మూడు పొరలు మేలు. ఒంటికి ఆనుకొని పలుచని ఉన్ని బనియను, దానిపై స్వెట్టరు, అన్నిటికంటే పైన గాలీ నీరూ చొరబడని కోటు. పొరల మధ్య కూడా గాలి నిలుస్తుంది.

నూలు బనియను మాత్రం వద్దు. చెమటకు తడిస్తే అది త్వరగా ఆరదు. నీరు గాలి కంటే సుమారు 24 రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఆవిరయ్యేటప్పుడు మరికొంత వేడిని లాగుకుంటుంది. 37 డిగ్రీల సెల్సియస్ ఉండే మన శరీరం 35 కంటే చల్లబడితే ప్రాణానికే ముప్పు!

చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ, ఉన్ని మేజోళ్లు పెట్టుకోండి. నల్ల కళ్లద్దాలు మరువకండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా పరావర్తనం చేస్తుంది. అవి కళ్లకు హాని చేస్తాయి.

చేసి చూడండి: రెండు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్లు పోసి, ఒకదానికి పొడిగుడ్డ, రెండోదానికి తడిగుడ్డ చుట్టండి. అరగంట తర్వాత ఏది ఎక్కువ చల్లబడింది? ఎందుకు?