గాలి తొడుగులు ఎవరికి, ఎప్పుడు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మూసాపేటలో ఉంటాం. హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టు. తెల్లారి ఇంటికొచ్చి సాక్సులు విప్పితే చీలమండల పైన లోతుగా గీత పడుతోంది, కాళ్లు లాగేస్తున్నాయి. దగ్గర్లోని ఫిజియోథెరపీ సెంటర్లో కాళ్లకు గాలి తొడుగులు వేసి అరగంట నొక్కుతారట. పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకోమంటున్నారు. మా అమ్మకూ (62 ఏళ్లు, షుగర్, బీపీ) కాళ్లు వాస్తున్నాయి. మిషనే కొనేస్తే ఇద్దరికీ పనికొస్తుంది కదా?

జవాబు: ముందు మీ సంగతి. నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరల్ని పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. గంటల తరబడి కుర్చీలో కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. మిషన్ చేసేదీ అదే: పాదం నుంచి తొడ దాకా ఒక్కో అరలో గాలి నింపుతుంది, వదులుతుంది. నిజానికి ఇది మంచం దిగలేనివారి కోసం. కదల్లేని పక్షవాత రోగులు 2,876 మందిపై జరిగిన ఒక పరిశోధన 2013లో లాన్సెట్‌లో వచ్చింది. కాలి సిరల్లో గడ్డలు మామూలు వైద్యం పొందినవారిలో 12.1 శాతం మందికి కడితే, మిషన్ పెట్టినవారిలో 8.5 శాతానికి తగ్గాయి. మీరు లేచి తిరగగలరు కాబట్టి ప్యాకేజీ డబ్బు దాచుకోండి. గంటకోసారి లేవండి, కూర్చున్నచోటే మడమలు ఇరవైసార్లు ఎత్తి దించండి. ఇంటికొచ్చాక కాళ్లు ఎత్తున పెట్టుకుని పడుకోండి. తొడుగులు వేయించుకుంటే కాళ్లు తేలికపడే మాట నిజమే, కానీ అది ఆ పూటకే.

అమ్మగారి కోసం మాత్రం ఇప్పుడే కొనకండి. షుగర్ ఉన్నవారికి కాళ్ల ధమనులు సన్నబడి ఉండొచ్చు. అసలే రక్తం చాలని కాలిని ఇంకా నొక్కితే చేటు. పాదాలు మొద్దుబారి ఉంటే నొప్పి కూడా తెలియదు. గుండె బలహీనంగా ఉన్నవారికి కాళ్లలోని నీరు ఒక్కసారిగా పైకి చేరితే ఆయాసం వస్తుంది. ఇంకోటి, ఆవిడ వేసుకునే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ అయితే వాపు దానివల్లే కావచ్చు. అలాగని మీరే మాన్పించకండి, మాత్ర మార్చమని డాక్టర్ని అడగండి. గుండె, కిడ్నీ పరీక్షలతోపాటు చీలమండ దగ్గర, చేతికి బీపీ చూసి పోల్చే పరీక్ష, రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ చేయించండి. పంజాగుట్ట నిమ్స్‌లో రక్తనాళాల సర్జన్లు ఉన్నారు. మూసాపేటలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఆరో స్టేషన్.

ఇద్దరికీ ఒక మాట: ఒక్క కాలే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పెట్టి, వేడిగా ఉంటే తొడుగూ వద్దు, మాలిషూ వద్దు. లోపల గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాలనుకుంటున్నాను. ప్రాక్టీసు తర్వాత ఇలాంటి గాలి తొడుగులే అయిన రికవరీ బూట్లు వాడితే త్వరగా కోలుకుంటానా?

జవాబు: ఒళ్లునొప్పులు కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. మర్నాడు వేగం పెరుగుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. ఆరోగ్యంగా ఉన్నవారికి హాని లేదు, స్నేహితుడి దగ్గరుంటే అడిగి వాడుకోండి. కాలి మీద పుండు, చర్మ ఇన్ఫెక్షన్ ఉంటే మానండి. వేలకు వేలు పోసి కొనేకంటే బూట్లకు పెట్టే అరగంట ఎక్కువ నిద్రపోవడం మేలు.