నాణెం మీద గీత: ఏది ముందు, ఏది తర్వాత?



"మేడం, ఈ ఐదు రూపాయల బిళ్ళకి లక్ష ఇస్తారంట, వీడియోలో చెప్పారు!" ఈ మాట మా క్లాసుల్లో ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. మీ ఇంట్లోనూ వినే ఉంటారు. తప్పుగా ముద్రపడిన కొన్ని నాణేలకు సేకర్తల దగ్గర మంచి ధర ఉన్న మాట నిజమే. అయితే అది మింట్‌లో జరిగిన లోపమా, తర్వాత ఎవరో గీకిందా అని చెప్పాలంటే ముందు నాణెం ఎలా తయారవుతుందో తెలియాలి. ఈ నెల సైన్స్ పేజీ దాని గురించే. పిల్లలతో కలిసి చదవండి.

నాణెం తయారు చేసేటప్పుడు లోహపు బిళ్ళను రెండు ఉక్కు ముద్రల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతారు. ఆ ముద్ర పేరు డై. డై మీద బొమ్మ తిరగేసి, లోపలికి ఉంటుంది. అందుకే నాణెం మీద అది పైకి తేలుతుంది. ఒక్కో డై లక్షల నాణేలు కొట్టగలదు. దెబ్బ పడిన ప్రతిసారీ బిళ్ళలోని లోహం అంచు వైపు జరుగుతుంది. ఆ రాపిడికి ఉక్కు కూడా అరుగుతుంది. మొదట అక్షరాల అంచులు మొద్దుబారతాయి, తర్వాత అక్షరాలు లావెక్కి మసకబారతాయి. కొన్ని డైలు పగులుతాయి కూడా.

పగులు అంటే డైలో ఒక సన్నని సందు. దెబ్బ పడగానే లోహం ఆ సందులోకి దూరుతుంది. కాబట్టి నాణెం మీద పగులు పైకి లేచిన గీతగా కనిపిస్తుంది. భూతద్దంతో చూసినప్పుడు గీత లోపలికి దిగి ఉంటే అది డై పగులు కాదు, తర్వాత పడిన గాటు. పిల్లలు తెచ్చే 'లక్ష రూపాయల' నాణేల్లో చాలావాటి సంగతి ఈ ఒక్క పరీక్షతోనే తేలిపోతుంది.

ఇక్కడి నుంచే అసలు ఆసక్తికరమైన విషయం. ఉక్కులో పడిన పగులు మళ్ళీ అతుక్కోదు, పెరుగుతుంది. ఒకే డై కొట్టిన నాణేలు పది దొరికితే, గీత పొడవును బట్టి ఏది ముందు పుట్టిందో, ఏది తర్వాత పుట్టిందో వరుసగా పేర్చవచ్చు. చివరికి అంచు దగ్గర డై ముక్క ఊడిపోతే, నాణెం మీద ఆ చోట బొమ్మే లేని గడ్డ తేలుతుంది. దాన్ని సేకర్తలు 'కడ్' అంటారు.

కానీ అన్ని గుర్తులూ ఇలా నమ్మదగినవి కావు. మధ్యలో బిళ్ళ లేకుండా రెండు డైలు ఒకదానికొకటి గుద్దుకుంటే, ఒకదాని బొమ్మ నీడ రెండోదాని మీద పడుతుంది. మింట్ సిబ్బంది డైని సానబట్టి దాన్ని చెరిపేయవచ్చు. కాబట్టి ఆ నీడ లేని నాణెం గుద్దుకోవడానికి ముందుదైనా కావచ్చు, సానబట్టిన తర్వాతదైనా కావచ్చు. పిల్లలకు నేను ముఖ్యంగా నేర్పాలనుకునేది ఈ తేడానే.

దీనికి అమెరికాలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 1922లో ఒక సెంటు నాణేలు డెన్వర్ మింట్ ఒక్కటే కొట్టింది. వాటి మీద తేదీ కింద 'డి' అక్షరం ఉండాలి. అక్కడ డైలను బాగా అరిగిపోయే దాకా వాడారు. దాంతో కొన్ని నాణేల మీద 'డి' మసకబారింది, కొన్నింటి మీద జాడ మాత్రమే మిగిలింది. ఒక జత డైల కథ వేరు. అవి గుద్దుకున్నాక ముందు వైపు డైని సానబట్టారు, వెనక వైపుకు కొత్త డై పెట్టారు. 'డి' పూర్తిగా పోయింది. అందుకే ఆ నాణేలకు ముఖం మసక, వెనక గోధుమ కంకులు మాత్రం స్పష్టం. సేకర్తలు ఎక్కువ ధర పెట్టేది వీటికే. మామూలు నాణెం మీద 'డి' గీకేసి అమ్మే మోసగాళ్ళూ ఉన్నారు. కానీ ఒక అక్షరం గీకినంత మాత్రాన ముఖమంతా పరుచుకున్న అరుగుదల రాదు కదా!

1955 సెంటుదీ ఇలాంటి కథే. కొన్నింటి మీద తేదీ, అక్షరాలు అన్నీ రెండేసి కనిపిస్తాయి. డైని తయారు చేసేటప్పుడే బొమ్మ కాస్త పక్కకు తిరిగి రెండుసార్లు పడింది. అంటే అది డై పుట్టుకతో వచ్చిన లోపం. అదే ఏడాది మరికొన్నింటి మీద చివరి 5 మాత్రమే రెండుగా అనిపిస్తుంది. అది డై ముసలితనం, ఉత్త అరుగుదల. రెండింటి ధరల్లో చాలా తేడా ఉంది. రెండోదానికి అమెరికాలో 'పేదవాడి డబుల్ డై' అని ముద్దుపేరు!

ఒక హెచ్చరిక కూడా. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు, లోగో వాడుకుని ఫీజు, కమిషన్, పన్ను అడిగేవారిని నమ్మవద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ప్రకటించింది. మీ ఫోన్ పిల్లల చేతిలో ఉంటుంది కాబట్టి ఈ సంగతి వాళ్ళకు కూడా చెప్పండి. తేదీ కింద చుక్కలాంటి నక్షత్రం ఉన్న నాణేలు కూడా అరుదని చెప్పి అమ్ముతుంటారు. అది మన హైదరాబాద్ మింట్ గుర్తు, అంతే. మీ పర్సులోనే నాలుగైదు ఉంటాయి.

ఆదివారం ఇంట్లో చేయడానికి ఒక పని. సబ్బు బిళ్ళ మీద పుల్లతో ఒక అక్షరం తిరగేసి చెక్కించండి. పొడి పిండి చల్లి, దాన్ని చపాతీ ముద్దల మీద పదిసార్లు నొక్కాలి. రెండు ముద్రల తర్వాత సబ్బు అంచు నుంచి ఒక చిన్న గీత గీయాలి. ఆ తర్వాత ప్రతి ముద్రకూ దాన్ని కొంచెం పొడిగిస్తూ పోవాలి. నాలుగో ముద్రకు ముందు పక్కన ఒక చుక్క పెట్టి, ఆరో ముద్ర అయ్యాక తడి వేలితో దాన్ని చెరిపేయాలి. ఇదంతా మీరు చూడకుండా పిల్లలే చేస్తారు. తర్వాత ముద్దలను కలిపేసి మీ ముందు పెడతారు. వరుసలో పేర్చడం మీ వంతు. చుక్క లేని ముద్దల దగ్గర మీరు ఆగిపోతే, దేన్ని చూసి చెప్పాలో పిల్లలనే అడగండి.