ఐదు నిమిషాలకు ఒక్క సంగతి చాలు

ప్రశ్న: మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, కాలేజీలో తమిళం. ప్రసంగాల క్లాసులో ఒక తయారీ విధానం గురించి, ఒక నాయకుడి గురించి ఐదేసి నిమిషాలు మాట్లాడాలి. నోరు పెగలదేమోనని భయంగా ఉందండీ.
– ఒక విద్యార్థిని

జవాబు: మొదటిదానికి మీ ఊరి కడలై మిఠాయే, అదే పల్లీ పట్టీ, తీసుకోమ్మా. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న మాట చివర్లో చెప్పొచ్చు. బెల్లం పాకం చుక్క నీళ్లలో వేస్తే గట్టిపడి టక్కున విరగాలి కదా, అక్కడే మొదలుపెట్టు. మెత్తగా సాగితే పట్టీ ఎందుకు పాడవుతుందో చెప్పు. క్లాసంతా వింటుంది.

రెండోదానికి తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి కామరాజ్ ఉన్నారు, 1903లో విరుదునగర్‌లో పుట్టారు. ఆయన పుట్టినరోజు జులై 15న బళ్లలో ఆయన జీవితమంతా ఏకరువు పెడతారు, ఏదీ మనసులో నిలవదు. నువ్వు ఆయన బళ్లలో పెట్టించిన మధ్యాహ్న భోజనం ఒక్కటే పట్టుకో. ఆకలితో ఉన్న పిల్లాడు బడికెందుకు రాడో వివరించు.

ఇంటి తెలుగు నీకు అడ్డేమీ కాదు. మీ పక్కనే ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ముందు మీ అమ్మకు తెలుగులో చెప్పి చూడు, తర్వాత తమిళంలో చెప్పు. మొత్తం బట్టీ పట్టకు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం తడుముకోకుండా రావాలి.