రెండు పోగుల ఆర్.ఎన్.ఏ. - కణముల కాపలా



కువైట్ దేశమున పాత ఇనుము యార్డులకు పేరుపడిన అమ్ఘరా అను ప్రాంతము కలదు. మన పూర్వులు తోటలకు పోయినట్లే, కడప, గోదావరి జిల్లాల నుండి అనేకులు ఆ దేశమునకు పనికి పోవుచున్నారు. తుక్కు ఏరు పనివాడు తీగను ఎవరు పారవేసిరని అడుగడు. రాగి మెరుపును చూచి పట్టుకొనును. మన శరీర కణము వైరసును పట్టుకొను విధమును ఇంచుమించు ఇట్టిదే. దానికి వైరసు పేరు తెలియదు, రూపము మాత్రమే తెలియును.

కణములో జన్యు సందేశమును మోయు ఆర్.ఎన్.ఏ. సాధారణముగా ఒంటి పోగు. అక్కడక్కడ తనపై తాను మడతపడుట కలదు గాని, పొడవైన జంట పోగు అరుదు. అనేక వైరసులు తమ ప్రతులను వ్రాసికొనునప్పుడు ఒక పోగునకు ఎదురు పోగు ఏర్పడి, రెండును పెనవేసికొనును. ఆ జంటయే దొంగ అడుగుజాడ. కణద్రవములో రిగ్-ఐ, ఎం.డి.ఏ.5 అను రెండు ప్రోటీనులు దానిని కనిపెట్టును. మొదటిది కొనపై మూడు ఫాస్ఫేటులున్న పొట్టి జంటలను, రెండవది పొడవైన వానిని పట్టును. ఆ వార్త మైటోకాండ్రియాపై నుండు మావ్స్ అను ప్రోటీను మీదుగా కేంద్రకమునకు చేరగా, ఇంటర్‌ఫెరాన్ జన్యువు మేల్కొనును.

ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండనులోని మిల్ హిల్ పరిశోధనాలయమున ఐజాక్స్, లిండెన్‌మాన్ అనువారు కనుగొనిరి. వేడిచే నిర్వీర్యమైన ఇన్‌ఫ్లూయెంజా వైరసును కోడిగ్రుడ్డు పొరపై ఉంచగా, ఆ పొర నుండి వెలువడిన ద్రవము క్రొత్త పొరలను సైతము వైరసు నుండి కాపాడెను. దానిని పుట్టించునది జంట పోగు ఆర్.ఎన్.ఏ. యని 1967లో హిల్లెమన్ బృందము చూపెను.

నా విద్యార్థులు తరచు పొరబడు విషయమొకటి: ఇంటర్‌ఫెరాన్ స్వయముగా వైరసును చంపదు. అది కణము విడిచి పొరుగు కణములకు పోయి హెచ్చరించును. అప్పుడవి వందలకొలది జన్యువులను తెరచి ఆయుధములను సిద్ధపరచును. పి.కె.ఆర్. అను ఎంజైము ప్రోటీనుల తయారీని ఆపివేయును. మరియొకటి చిన్న అణువులను తయారుచేసి, ఆర్.ఎన్.ఏ.ను నరుకు ఆర్.ఎన్.ఏజ్-ఎల్‌ను లేపును. ఇవి కణమునకే హాని చేయగలవు గనుక, జంట పోగు నిజముగా ఎదురుపడు వరకు పనిచేయక వేచియుండును. ఇంటికి నిప్పంటించి దొంగను పట్టుట తుదిమార్గము కదా!

అయితే దొంగయు నేర్పరి. 2012లో గుర్తింపబడిన మెర్స్ వైరసు ఒంటెల నుండి మనుష్యులకు సోకును. నిర్ధారితమైన రోగులలో నూటికి సుమారు 35 మంది మరణించిరి. 2013 నవంబరులో అది కువైట్‌లోను కనబడెను. దాని 4ఏ అను ప్రోటీను జంట పోగును కప్పివేసి, కాపలావారి కంటబడకుండ చేయును.

2020లో మరియొక సంగతి తెలిసెను. తీవ్రమైన కోవిడ్‌తో ప్రాణాపాయములో నున్న 987 మందిని పరీక్షింపగా, 101 మంది రక్తములో తమ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డగించు ప్రతిరక్షకములు కనబడెను. వారిలో 95 మంది పురుషులు. కాపలావాడు కేకవేసినను, ఆ కేక పొరుగింటికి చేరలేదన్నమాట.